ఎవరికి బాగోలేకపోతే వస్తారు?

కళ్ళలో చుక్కలు పడ్డాక గాని బుజ్జికి తను చేసిన తెలివితక్కువ పనేమిటో తెలిసిరాలేదు. కంటి ఆసుపత్రిలో ఎలాగూ కూర్చోబెడతారు, ఆ తీరుబడిలో ప్రయాణ బీమా కాగితాలు రెండూ చదివేసి ఏదో ఒకటి తేల్చేద్దామని వాటిని సంచిలో పెట్టుకుని మరీ వచ్చింది. తీరా చుక్కల నర్సు వచ్చి, గడ్డం పైకెత్తించి, రెండు కళ్ళలోనూ చల్లగా చెరో బొట్టు వేసి, "ఓ గంట దాకా ఏదీ చదవలేరమ్మా, కళ్ళు మూసుకుని కూర్చోండి" అనేసి పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మాట చుక్కలు వేయకముందు చెప్తే నీ సొమ్మేం పోయేది తల్లీ అనుకుంది బుజ్జి. కొత్త కళ్ళజోడు లేనిదే ప్రయాణం లేదు, బీమా లేనిదే ప్రయాణం లేదు, కళ్ళు లేనిదే బీమా లేదు. ఈ మూడింటినీ ఒకే పూటకి పెట్టుకున్న మహానుభావురాలు తనే. అయినా ఆశ చావక కాగితాలు తీసి మొహానికి ఆనించుకుని చూసింది, చేయి ఎంత సాగితే అంత దూరం పెట్టి చూసింది. పైన పెద్దగా ఉన్న మాట తప్ప కిందంతా తడిసిన గుడ్డ మీద సిరాలా పాకిపోయి ఉంది. అసలు సంగతంతా ఆ కింది చిన్న అక్షరాల్లోనే ఉంటుందని టికెట్లావిడ మొదటిరోజే చెప్పింది. పక్క కుర్చీ పెద్దాయన్ని, "కాస్త ఇది చదివి పెడతారా?" అని అడిగింది. ఆయన కళ్ళు తెరవకుండానే నవ్వి, "నాకూ వేశారమ్మా" అన్నాడు. గోడ పొడుగునా ఆ వరసలో కూర్చున్నవాళ్ళంతా తలలు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకునే ఉన్నారని అప్పుడు గమనించింది.

యాభై దాటినా ఆవిడ బుజ్జే. ఇంట్లో పెట్టిన ముద్దుపేరు పని దాకా పాకింది. ప్లాస్టరు దవడల అచ్చుల మీద కూడా 'బుజ్జి గారికి' అని చీటీ అంటించి పంపుతారు పళ్ళ డాక్టర్లు. కట్టుడు పళ్ళు చేయడం ఆమె పని. మెత్తని మైనంలో పన్ను తర్వాత పన్ను గుచ్చుతూ, పై వరస కింది వరస మీద సరిగ్గా కూర్చునేదాకా అటూ ఇటూ జరుపుతూ సగం జీవితం గడిపింది. ఇప్పుడు ల్యాబు యజమాని కొత్త యంత్రం కొన్నాడు. నోటి ఫొటో చూపిస్తే అదే పళ్ళు చెక్కేస్తుందట. దాన్ని నడపడం నేర్చుకోవాలంటే అది తయారైన దేశానికి వెళ్ళి మూడు వారాలు ఉండాలి. వెళ్తే మీరే వెళ్ళాలి అన్నాడు యజమాని. వెళ్ళకపోతే ఆ యంత్రం ముందు ఇంకెవరో కూర్చుంటారు, తను మైనం మరిగించుకుంటూ ఒక మూల మిగిలిపోతుంది. విమానం ఎక్కాలన్న సరదా కంటే ఆ భయమే ఆమెని ఎక్కువ తోసింది. ఒప్పేసుకుంది. ఒప్పుకున్న దగ్గర్నుంచీ అడిగినవాళ్ళకి అడిగిన కాగితమల్లా ఇస్తూ, ఎందుకిస్తోందో తెలియకుండానే తలూపుతూ వస్తోంది.

ఇంతలో ఒళ్ళో ఫోన్ మోగింది. ఎవరో కనపడక, ఆకుపచ్చగా ఉన్నచోట నొక్కింది. టికెట్లావిడ. విమానం టికెట్టు నుంచి వీసా దాకా అన్నీ చూసిపెట్టే మనిషి, మాట మెత్తన, ఓపిక ఎక్కువ. "మేడమ్, ఒక చిన్న సందేహం. మీ అమ్మగారంటే ఎవరండీ?" అంది. ఇదేం ప్రశ్నని బుజ్జి నవ్వబోయింది. "నిన్న మీరు అమ్మగారి పేరు చెప్పి, పెద్దావిడని, తుంటి విరిగి మంచం మీద ఉన్నారని చెప్పారు కదా. పాస్‌పోర్టులో చూస్తే అమ్మగారి పేరు వేరే ఉంది." నవ్వు సగంలో ఆగిపోయింది. తప్పు తనదే. ఎవరైనా అమ్మ అనగానే ఆమె నోటికి వచ్చేది ఒక్కరే. ఆ ఒక్కరూ కాగితాల్లో ఎక్కడా లేరన్న సంగతి ఎన్నోసార్లు తెలుసుకుని ఎన్నోసార్లు మరిచిపోయింది. కన్నది పిన్ని, పెంచింది అమ్మ. అమ్మ అంటే పిన్నికి తోడబుట్టిన అక్క, లోకం వరసలో అయితే బుజ్జికి పెద్దమ్మ కావాలి. కవలలు కడుపులో ఉండగా, నడక కూడా రాని బుజ్జిని పిల్లల్లేని అక్క దగ్గర కొన్నాళ్ళకని వదిలి వెళ్ళింది పిన్ని. ఆ కొన్నాళ్ళు అలాగే ఉండిపోయాయి. ఇంట్లో ఉన్న మనిషిని అమ్మా అని పిలిచింది, చుట్టపుచూపుగా వచ్చిపోయే మనిషిని అందరూ పిన్ని అనమంటే పిన్నీ అంది. అక్కాచెల్లెళ్ళ మధ్య కాగితాలేమిటని దత్తతా రాసుకోలేదు. ఇదంతా చెప్పేసరికి అవతల టికెట్లావిడ కాగితం తిప్పిన చప్పుడైంది. తర్వాత నెమ్మదిగా, "అంటే మంచం మీద ఉన్నది మీ పెద్దమ్మగారన్నమాట" అంది. ఎవరో తెలియని ఆవిడ గురించి అంటున్నట్టు అనిపించింది బుజ్జికి.

అప్పుడు టికెట్లావిడ విడమరిచి చెప్పింది. చెప్పడమైతే విడమరిచే చెప్పింది గాని బుజ్జి బుర్రలో మళ్ళీ అన్నీ ముడిపడిపోయాయి. బీమాలు రెండు, చిన్నదీ పెద్దదీ. చిన్నదాంట్లో అక్కడ తనకి జ్వరమొస్తే ఆసుపత్రి ఖర్చు ఇస్తారు, అయితే మొదటి కొంత తనే పెట్టుకోవాలి. సామాను పోతే ఇస్తారు, కానీ పోయిందని అక్కడి పోలీసులు రాసిస్తేనే. తనే పోతే తననీ ఇంటికి చేరుస్తారు. పెద్దదాంట్లో ఇవన్నీ ఉంటూ ఇంకొకటి ఎక్కువ: ఇక్కడ దగ్గరి బంధువు ప్రాణం మీదికొచ్చి ఆసుపత్రిలో పడితే మధ్యలో తిరిగి రావడానికి టికెట్టు ఇస్తారు, చెడిపోయిన ప్రయాణానికి పరిహారం ఇస్తారు. దగ్గరి బంధువంటే ఎవరెవరో రాసే ఉంది. అమ్మ, నాన్న, భర్త లేక భార్య, పిల్లలు, తోడబుట్టినవాళ్ళు. "పెద్దమ్మ ఇందులో రారు మేడమ్. పైగా ఆవిడకి ఇప్పటికే ఉన్న జబ్బు, అమ్మగారైనా సరే దానికి ఇవ్వరు. పాస్‌పోర్టులో ఉన్నావిడ పేరు మీదైతే పెద్దది చెల్లుతుంది. మీకు ఎవరికి బాగోలేకపోతే వస్తారో అది ఒక్కటి తేల్చుకోండి, ఏది తీసుకోవాలో దానంతటదే తేలిపోతుంది. మాకివాళ ఒంటిపూట, వీసా వాళ్ళకి రేపు పొద్దున్నే ఆ కాగితం చూపించాలి. ఈ గంటలోపు చేస్తాను మళ్ళీ" అని పెట్టేసింది.

ఎవరికి బాగోలేకపోతే వస్తావు. వినడానికి ఎంత తేలిగ్గా ఉంది, దుకాణంలో సంచి పెద్దదా చిన్నదా అని అడిగినట్టు. అమ్మకి బాగోలేకపోతే వస్తాను, అందులో తేల్చుకునేదేముంది, అది అడిగినవాళ్ళకే బుద్ధి లేదనుకుంటాను. కానీ అమ్మ కోసం వస్తానంటే వాళ్ళు రానివ్వరు, కాదు, రానిస్తారు, టికెట్టు ఇవ్వరు. పిన్ని కోసమైతే ఇస్తారు. పిన్ని కోసం నేను వస్తానా? బుజ్జి మూసుకున్న కళ్ళ వెనక ఎర్రగా ఏదో కదిలింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఒక్కసారి కూడా తనని తను వేసుకోలేదు. వేసుకోవలసిన అవసరం రానివ్వలేదు పిన్ని. గట్టిగా దగ్గినట్టయినా ఎవరూ చెప్పుకోగా వినలేదు. పోయిన నెల అమ్మ స్నానాల గదిలో కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంటే, ఫోన్ చేసిన మర్నాడే ఇద్దరు కొడుకుల్నీ కోడళ్ళనీ వదిలేసి రెండు చీరలతో వచ్చి దిగింది. "నువ్వెళ్ళిరా, అక్కని నేను చూసుకుంటాను" అంది. బుజ్జి సరేనంది. థాంక్స్ కూడా చెప్పినట్టు గుర్తులేదు, పనిమనిషికైనా చెప్తాం. లాజిక్‌గా ఆలోచిస్తే చిన్నది తీసుకోవాలి, పెద్దది దండగ. అమ్మకి పనికిరాదు, పిన్నికి అక్కర్లేదు. అంతే కదా? అంతే అయితే మరి రెండు కాగితాలూ ఇంకా ఒళ్ళోనే ఎందుకున్నాయి?

"నా సూట్‌కేసు పోయిందమ్మా ఒకసారి" అన్నాడు పక్కాయన, ఫోన్ మాటలన్నీ విన్నట్టున్నాడు, కళ్ళు లేని గంటలో చెవులే కదా దిక్కు. "బీమా ఉంది. లోపల ఏముందో చెప్పమన్నారు. ఏముందో మా ఆవిడకి తెలుసు గాని నాకేం తెలుసు? పెళ్ళిసూటు ఉందని రాశాను. తర్వాత చూస్తే అది ఇంట్లోనే ఉంది." చుట్టూ కళ్ళు మూసుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు నవ్వారు, బుజ్జి కూడా నవ్వింది, నవ్వుతూనే ఎక్కడికో వెళ్ళిపోయింది. సంచిలో ఏముంది. ఖాళీ సంచి. ముదురు నీలం గుడ్డసంచి, చెక్క పిడులు, పిన్ని చేతిలో. తనకి నాలుగేళ్ళో, ఇంకా తక్కువో. గేటు దగ్గర ఎండగా ఉంది. పిన్ని వంగి చేతులు చాపితే తను అమ్మ కాళ్ళు వాటేసుకుని గుక్కపెట్టి ఏడ్చింది, నేను పిన్నితో వెళ్ళను, నేను పిన్నితో వెళ్ళను అని. అమ్మ కూడా ఏదో అంది, అమ్మ గొంతు కూడా బాగాలేదు. పిన్ని చాలాసేపు నిలబడి, సంచిని మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. బుజ్జికి ఎప్పుడు గుర్తొచ్చినా అది ఒక చుట్టం అలిగి వెళ్ళిపోయిన రోజులాగే గుర్తొచ్చేది. వట్టి సంచి ఎందుకు తెచ్చిందో ఏనాడూ అనుకోలేదు. కొట్టుకు వెళ్తూ దారిలో వచ్చిందేమో అనుకునేది. కొట్టుకా? రైల్లో ఒక పూటంతా ప్రయాణం చేసి కొట్టుకా? ఆ సంచి నా బట్టలకి, అని బుజ్జికి ఇప్పుడు, ఈ ప్లాస్టిక్ కుర్చీలో, కళ్ళు కనపడని ఈ గంటలో తోచింది. తీసుకెళ్ళడానికి వచ్చింది. తీసుకెళ్ళలేక వెళ్ళింది.  నిజమా, లేక సామాను సామాను అని విని విని తనే అల్లుకుందా? అడగడానికి, పెంచిన నాన్న ఇప్పుడు లేడు. అమ్మని అడగాలంటే భయం, పిన్నిని అడగాలంటే సిగ్గు.

తొమ్మిదో ఏట ఎవరో పెద్దపిల్ల ఆటలో ఉక్రోషం పట్టలేక చెప్పేసింది, మీ అమ్మ మీ అమ్మ కాదు, మీ పిన్ని మీ అమ్మ అని. ఇంటికొచ్చి అడిగితే అమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది, దాచలేదు. ఆ రోజు నుంచి పిన్ని మీద కోపం తెచ్చుకుంది బుజ్జి, వదిలేసినందుకు. పిన్ని వచ్చి తల దువ్వుతానంటే కూర్చునేది గాని మాట్లాడేది కాదు. ఎంత బిగించి దువ్వేదో! కణతలు నొప్పిపుట్టేలా, కళ్ళు పైకి లాక్కుపోయేలా. అంత బిగువు జడ నాలుగు రోజులైనా చెదిరేది కాదు. అది చెదరకూడదనే అలా దువ్వేదేమో, తను వెళ్ళాక కూడా ఉండాలని. అమ్మో, ఇవాళ ఇవన్నీ ఏమిటిలా వస్తున్నాయి, బీమా సంగతి చూడమంటే! కోపం ఎప్పుడు తగ్గిందో తెలియదు, తగ్గినచోట మాత్రం ఏమీ మొలవలేదు. బాగున్నావా పిన్నీ, బాగున్నాను, అంతే. అయిదారేళ్ళ కిందట పిన్నికి కట్టుడు పళ్ళు కావలసి వచ్చి, అక్కడి డాక్టరు తీసిన అచ్చు బుజ్జి ల్యాబుకే వచ్చింది. పై దవడ చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ బొటనవేలు లోపలి వంపు మీద పెట్టింది. వేలు ఆగిపోయింది. అంగిట్లో ఎడమవైపు చిన్న గట్టు, ముందుకి పొడుచుకొచ్చే ఇరుకైన వంపు. ఎన్ని వందల దవడలు తడిమిన చేయి అది, పొరబడదు. తన నాలుకకి చిన్నప్పటి నుంచీ రోజూ తగిలే గట్టే అది. చాలాసేపు దాన్ని అలా పట్టుకుని కూర్చుంది. తర్వాత అందరికీ చేసినట్టే చేసి పంపింది. కాదు, అందరికీ చేసినట్టు కాదు, మూడుసార్లు కరిగించి మూడుసార్లు గుచ్చింది. బాగా కుదిరాయమ్మా అని పిన్ని ఫోన్ చేస్తే, సరే పిన్నీ, జాగ్రత్తగా కడుక్కో అంది. ఏం మాటది? దవడ గురించి చెప్పాలని నోటిదాకా వచ్చి, పని ఉందని పెట్టేసింది.

నర్సు మళ్ళీ వచ్చి రెప్పలు విప్పి చూసి, కంటిపాపలు ఇంకా విచ్చుకోవాలి అని ఇంకో చుక్క వేసింది. ఈ మధ్యలో బుజ్జి ఆమె చేయి పట్టుకుని, "నాకు కనబడటం లేదు, ఇందులో 'ఇల్లు' అని ఉంటుంది, కాస్త కలిపి ఇవ్వరా" అని ఫోన్ చేతికిచ్చింది. నర్సు కలిపి చెవికి ఆనించి మరీ వెళ్ళింది. ఎత్తింది పిన్నే.

"ఏం బుజ్జీ, కళ్ళయిపోయాయా?"

"ఇంకా లేదు. అమ్మ మేలుకునే ఉందా?"

"ఆ, తల దువ్వుతున్నా. ఉండు, ఇద్దరికీ వినపడేలా పెడతాను."

బుజ్జి చెప్పింది. చిన్నదీ పెద్దదీ, దగ్గరి బంధువులు, ఉన్న జబ్బు, లేని జబ్బు, టికెట్లావిడ అన్నదీ తను విన్నదీ కలగాపులగం చేసి, మధ్యలో సూట్‌కేసు కూడా కలిపేసి, తనకే అర్థంకాని విధంగా చెప్పింది. అమ్మకి మాత్రం కావలసిన ముక్క అందింది.

"మొత్తానికి నేను నీకేమీ కానని తేల్చారన్నమాట" అంది నవ్వుతూ.

"నేను కాదమ్మా, బీమావాళ్ళు."

"పోనీలే, వాళ్ళకేం తెలుసు. నాకిప్పుడేం కాదు గాని నువ్వు నిక్షేపంలా వెళ్ళు. ఇది నా జుట్టు పీకి పోగుపెడుతోంది, దీని ముందు తుంటి నొప్పి ఓ లెక్కా?"

 పిన్ని దువ్వెన చప్పుడు ఆగింది. తర్వాత గొంతు తగ్గించి, ఏదో రహస్యం చెప్తున్నట్టు అంది. "బుజ్జీ, పెద్దదే తీసుకో. నా పేరే ఉంచు. అక్కకి ఏ కాస్త తేడాగా ఉన్నా నాకు బాగోలేదని చెప్పేద్దాం. నేనెళ్ళి ఆసుపత్రిలో పడుకుంటా. నువ్వు ఆ టికెట్టు మీద వచ్చి అక్కని చూసుకుందువుగాని."

"ఒసే పిచ్చిమొహమా, ఏ జబ్బూ లేనిదాన్ని ఊరికే పడుకోబెట్టుకుంటారటే?" అంది అమ్మ.

"వెతికితే ఏదో ఒకటి దొరక్కపోదులే అక్కా, ఈ వయసులో."

బుజ్జికి పకపకా నవ్వొచ్చింది. నవ్వాక, ఆ నవ్వు ఊపులోనే, తను అడగబోతున్నదేమిటో తనకి తెలియకముందే అడిగేసింది. "అది సరే పిన్నీ, నిజంగా నీకే బాగోలేకపోతే?"

"నాకా?" అంది పిన్ని. ఆలోచించింది. దెప్పిపొడుపు లేదు ఆ గొంతులో, నిష్ఠూరం లేదు, రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని అడిగినట్టే అడిగింది. "నాకు బాగోలేకపోతే నువ్వెందుకమ్మా రావడం? పని పాడుచేసుకుని."

ఈసారి అమ్మ కూడా నవ్వలేదు. బుజ్జి ఏదో అనాలనుకుంది. ఆ నీలం సంచి గురించి అడగాలనుకుంది, దవడ గురించి చెప్పాలనుకుంది. ఏది ముందో ఏది వెనకో తెలియలేదు, నోట్లో అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "పిలుస్తున్నారు, మళ్ళీ చేస్తా" అని అబద్ధం చెప్పి పెట్టేసింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. పక్కాయన చప్పుడు విని, "ఆ చుక్కలంతేనమ్మా, మంటెక్కువ" అన్నాడు. అవునండీ అంది. యాభై ఏళ్ళు. యాభై ఏళ్ళుగా ఒక మనిషి వస్తూ పోతూ ఉంటే, తనకోసం ఎవరూ రారని ఆ మనిషి అంత మామూలుగా అనుకునేలా నేనేగా చేశాను? వదిలేసిందని నేను పెట్టుకున్న కోపం లెక్క సరే, నేను వెళ్ళనన్నది ఎవరి లెక్కలోకి వస్తుంది? నాలుగేళ్ళ పిల్లకేం తెలుసని అనుకోవచ్చు. మరి తొమ్మిదేళ్ళకి, ముప్ఫై ఏళ్ళకి, పోయిన నెలకి? అంత కష్టం ఒక్కసారిగా మీద పడేసరికి బుజ్జి చిన్నపిల్లలా ముక్కు ఎగపీల్చింది. అమ్మ కోసం నాకు కాగితం అక్కర్లేదు. అమ్మకేదైనా అయితే గాజులమ్ముకునైనా వస్తాను, యంత్రమూ వద్దు గింత్రమూ వద్దని వస్తాను, అది అమ్మకీ తెలుసు నాకూ తెలుసు. పిన్ని సంగతే ఎవరికీ తెలియదు. నాకే తెలియలేదు.

ఫోన్ మోగింది. ఈసారి ఆకుపచ్చది వెతుక్కోవలసి రాలేదు, వేలు అక్కడే ఉంది.

"తేల్చుకున్నారా మేడమ్?"

"పెద్దది రాయండి."

"పెద్దమ్మగారు అందులో రారని చెప్పాను కదండీ, మళ్ళీ తర్వాత మీరు ఇబ్బందిపడకూడదు."

"తెలుసండీ. ఆవిడ కోసం నా దారిన నేనొస్తాను. ఇది మా పిన్ని కోసం."

అవతల టికెట్లావిడ నిట్టూర్చింది, పాపం ఓపిక మనిషే. "అయ్యో మేడమ్, పిన్ని అని రాస్తే రారండీ అందులో. అమ్మ అని రాస్తేనే."

బుజ్జి ఫోన్‌ని ఇంకో చెవికి మార్చుకుంది.   చుట్టూ వరసంతా కళ్ళు మూసుకుని వింటోంది.

"అమ్మేనండీ" అంది. "ఆవిడకి బాగోలేకపోతే వస్తాను."